అయిదు హెచ్‌టీటీపీ లైబ్రరీలు, ఒక వంకర కొలబద్ద: బెంచ్‌మార్క్ డైరీ

మా సర్వీసు హెచ్‌టీటీపీ లైబ్రరీ (వెబ్ సర్వర్లతో మాట్లాడే రెడీమేడ్ కోడ్) ద్వారా బయటి ఏపీఐలను (డేటా అడగడానికి ఇతర సర్వీసులు ఇచ్చిన దారులను) పిలుస్తుంది, వచ్చిన జేసన్‌ను (టెక్స్ట్‌గా రాసిన డేటాను) విడగొట్టి డేటాబేస్‌లో పెడుతుంది. అది నడిచే కంటెయినర్‌కు (ప్రోగ్రామ్‌ను విడిగా ఉంచే పెట్టెకు) ఇచ్చిన మెమరీ 256 ఎంబీ. వారానికి రెండు మూడు సార్లు 137 కోడ్‌తో పడిపోతోంది. 137 అంటే 128కి 9 కలిపిన అంకె. మెమరీ హద్దు దాటిందని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) 9వ నంబరు సిగ్నల్ పంపి చంపేసిందన్నమాట. "లైబ్రరీ మార్చేస్తే పోతుంది కదండీ" అన్నారు టీమ్‌లో ఒకరు. మార్చేముందు కొలవాలి కదా అని కూర్చున్నాను. రెండు రోజుల పని అనుకున్నది సాయంత్రాలన్నీ కలిపి 36 గంటలైంది. అందులో ఎక్కువ భాగం లైబ్రరీలను కొలవడానికి పోలేదు, నేను రాసిన కొలత స్క్రిప్టును సరిచేయడానికే పోయింది. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే ఆ గంటలు మిగులుతాయని ఈ డైరీ.

ఒక చిన్న గోల ముందే తీర్చుకోవాలి. పోటీలో ఉన్న ఒక లైబ్రరీ పేరే రిక్వెస్ట్స్. అందుకని ఇకపై సర్వర్‌కు పంపే ఒక్కో రిక్వెస్ట్‌ను "కాల్" అంటాను. రిక్వెస్ట్స్ అని రాస్తే అది లైబ్రరీ.

దశ 0: సామాను

రెండు మెషీన్లు, రెంటిలోనూ లినక్స్, మధ్యలో ఒక గిగాబిట్ కేబుల్, స్విచ్ లేదు. ఒకదానిలో సర్వర్, రెండోదానిలో క్లయింట్. పైథాన్ 3.12. లైబ్రరీలు అయిదు: యూఆర్‌ఎల్‌లిబ్3, దాని మీద కట్టిన రిక్వెస్ట్స్, హెచ్‌టీటీపీఎక్స్, ఏఐఓహెచ్‌టీటీపీ, సీ లైబ్రరీ లిబ్‌కర్ల్ మీద కూర్చునే పైకర్ల్. ప్రతి లైబ్రరీకీ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, వెర్షన్లు లాక్ చేసిన ఫైల్.

పంపే జవాబులు మూడు సైజులు: 600 బైట్ల జేసన్, 100 కేబీ జేసన్, 50 ఎంబీ ఫైల్ (కచ్చితంగా 52,428,800 బైట్లు).

సమయానికి పెర్ఫ్‌కౌంటర్ వాడాను. మామూలు గడియారం ఫంక్షన్ వాడకండి. నెట్‌వర్క్ టైమ్ సర్దుబాటు జరిగితే అది మధ్యలో వెనక్కి కూడా నడుస్తుంది. టైమ్‌ఇట్ మాడ్యూల్‌తో కొలిస్తే ఇంకో చిక్కు: అది కొలిచేంతసేపూ చెత్త ఏరే జీసీని ఆపేస్తుంది. బోలెడు చిన్న ఆబ్జెక్టులు పుట్టించే లైబ్రరీకి అది ఉచితంగా ఇచ్చిన డిస్కౌంటే.

దశ 1: అందరికీ 44 మిల్లీసెకన్లు

సర్వర్‌గా పైథాన్‌తో పాటే వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్‌ను పెట్టాను. అది మామూలుగా హెచ్‌టీటీపీ 1.0లో మాట్లాడుతుంది, అంటే కాల్‌కో కొత్త కనెక్షన్. ప్రోటోకాల్ వెర్షన్‌ను 1.1గా మార్చి, కనెక్షన్ తెరిచే ఉంచేలా చేశాను. 600 బైట్ల జవాబు, ఒకే కనెక్షన్, 2,000 కాల్స్.

వచ్చిన మధ్యగతాలు (వరసలో పెడితే సరిగ్గా మధ్యన పడే అంకెలు): పైకర్ల్ 43.9, యూఆర్‌ఎల్‌లిబ్3 44.0, రిక్వెస్ట్స్ 44.1, మిగతా రెండూ 44.0. అన్నీ మిల్లీసెకన్లలో.

సీలో రాసిన లైబ్రరీకీ పైథాన్‌లో రాసినదానికీ తేడా రాకపోతే అక్కడ కొలుస్తున్నది లైబ్రరీని కాదు. పైగా ఆ 40 దగ్గర తిరిగే అంకెను నెట్‌వర్కింగ్ తెలిసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. నాకు రెండు గంటలు పట్టింది. టీసీపీడంప్ (లైన్ మీద వెళ్లే ప్యాకెట్లను చూపే టూల్) పెట్టి చూస్తే ఇలా ఉంది:

1. సర్వర్ హెడర్లను ఒక రైట్‌తో పంపింది.
2. బాడీని ఇంకో రైట్‌తో పంపబోయింది. కానీ ముందు పంపిన చిన్న ప్యాకెట్‌కు రసీదు రాలేదని నేగల్ అల్గారిదమ్ దాన్ని ఆపేసింది.
3. క్లయింట్ వైపు లినక్స్, రసీదును విడిగా పంపడం ఎందుకు, ఏదైనా డేటాతో కలిపి పంపుదామని 40 మిల్లీసెకన్లు ఆగింది.
4. మీరు ముందంటే మీరు ముందని ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు.

నేగల్ అల్గారిదమ్ 1984 నాటిది, జాన్ నేగల్ ఆర్‌ఎఫ్‌సీ 896 అనే ఇంటర్నెట్ పత్రంలో రాశారు. చిన్న చిన్న ప్యాకెట్లతో లైన్ నిండిపోకుండా పెట్టిన కట్టడి. అది విడిగా మంచిదే, ఆలస్యంగా రసీదు పంపడమూ విడిగా మంచిదే. రెండూ కలిస్తేనే తంటా.

పైథాన్ సర్వర్ హ్యాండ్లర్‌లో నేగల్‌ను ఆపే ఆట్రిబ్యూట్ ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేస్తే 44 కాస్తా ఒకటి పైచిలుకుకు దిగింది. అయినా ఆ సర్వర్‌ను ఉంచలేదు. అది కూడా పైథానే కాబట్టి క్లయింట్ కంటే ముందే అలిసిపోతుంది. ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కు మారాను, యాక్సెస్ లాగ్ ఆపాను. ఈసారి లైబ్రరీల జోలికి వెళ్లకముందే డబ్ల్యూఆర్‌కే అనే లోడ్ టూల్‌తో సర్వర్‌ను కొట్టి చూశాను. సెకనుకు 40,000 కాల్స్ దాటినా సీపీయూ మిగులే. నా లైబ్రరీలు అందులో పదో వంతు కూడా అడగవు. ఈ పని మొదటి రోజే చేయాల్సింది.

ఇప్పటివరకు: 4 గంటలు. రన్లు 25. పనికొచ్చినవి 0.

దశ 2: పోర్టులు అయిపోయాయి

రిక్వెస్ట్స్‌ను సెషన్ (కనెక్షన్లను దాచి మళ్లీ వాడే ఆబ్జెక్ట్) లేకుండా నేరుగా గెట్ ఫంక్షన్‌తో పిలిస్తే ఎంత నష్టమో చూద్దామనుకున్నాను. చాలా కోడ్‌బేసుల్లో అలాగే ఉంటుంది, మాదాంట్లోనూ ఉంది. సెకనుకు 590 కాల్స్ దగ్గర నిలకడగా నడిచి, 48వ సెకనులో వరసగా ఎర్రర్లు: ఎర్రర్ నంబర్ 99, అడిగిన అడ్రస్ కేటాయించలేమని.

లెక్క సరిగ్గా కుదురుతుంది. లినక్స్‌లో బయటికి వెళ్లే కనెక్షన్లకు డిఫాల్ట్‌గా ఉన్న పోర్టులు (ఒక్కో కనెక్షన్‌కు ఇచ్చే నంబర్లు) 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232. సెషన్ లేని గెట్, జవాబు చదివాక కనెక్షన్‌ను తనే మూసేస్తుంది. ముందుగా మూసినవాళ్ల దగ్గర ఆ పోర్టు టైమ్-వెయిట్ స్థితిలో 60 సెకన్లు ఉండిపోతుంది. 28,232ను 590తో భాగిస్తే 47.85 సెకన్లు. నిలకడగా నడవాలంటే సెకనుకు 470 కొత్త కనెక్షన్లకు మించకూడదు.

నన్ను తికమక పెట్టినది వేరే. అదే స్క్రిప్టును ఒకే మెషీన్‌లో లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే దారి) మీద నడిపితే ఎర్రరే రాలేదు. కొత్త కెర్నల్స్‌లో టీసీపీ టైమ్-వెయిట్ రీయూజ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ విలువ 2. అంటే లూప్‌బ్యాక్‌కు మాత్రం పాత పోర్టులను తొందరగా తిరిగి వాడుకోనిస్తుంది. లూప్‌బ్యాక్‌లో మాత్రమే టెస్ట్ చేసి "మా దగ్గర బాగానే నడిచింది" అనేవాళ్లకు ఇది కనిపించదు. నేనూ ఆ గుంపులోవాడినే.

మార్పు: ఇకపై అన్నిటికీ ఒక సెషన్, ఒక క్లయింట్, ఒక హ్యాండిల్ (ఒక్కో లైబ్రరీలో ఒక్కో పేరు). పైకర్ల్‌లో కూడా కాల్‌కో కొత్త కర్ల్ ఆబ్జెక్ట్ తయారుచేస్తే కనెక్షన్ తిరిగి వాడదు, అదే ఆబ్జెక్ట్‌ను పట్టుకోవాలి.

ఇప్పటివరకు: 7 గంటలు. రన్లు 40. పనికొచ్చినవి 0.

దశ 3: గాడిదలూ గుర్రాలూ ఒకే గాట

100 కేబీ జేసన్ దగ్గర రిక్వెస్ట్స్, యూఆర్‌ఎల్‌లిబ్3ను వేగంలో దాటేసింది. రిక్వెస్ట్స్ లోపల నడిచేదే యూఆర్‌ఎల్‌లిబ్3. పైన ఇంకో అంతస్తు కట్టాక ఇల్లు తేలికవడం ఎలా?

మళ్లీ టీసీపీడంప్. రిక్వెస్ట్స్ అడక్కుండానే "జీజిప్‌లో కుదించి పంపినా ఫరవాలేదు" అనే హెడర్ పంపుతోంది. హెచ్‌టీటీపీఎక్స్, ఏఐఓహెచ్‌టీటీపీ కూడా అంతే. యూఆర్‌ఎల్‌లిబ్3, పైకర్ల్ మాత్రం మనం చెప్తే తప్ప కంప్రెషన్ అడగవు. సర్వర్‌లో జీజిప్ ఆన్ చేసి ఉంది. మూడు లైబ్రరీలు చిన్న మూట మోస్తూ దాన్ని విప్పే పని కూడా చేస్తున్నాయి, రెండు లైబ్రరీలు పెద్ద మూటను అలాగే మోస్తున్నాయి. ఎవరి కాలు వేగమో దీన్నుంచి చెప్పలేం.

అయిదింటికీ అవే హెడర్లు రాశాను. జీజిప్ ఆఫ్ ఒక సెట్, జీజిప్ ఆన్ ఇంకో సెట్. సర్వర్ పంపిన బైట్లను సరిచూసే చెక్ స్క్రిప్టులో పెట్టాను. లైబ్రరీల మధ్య హెడర్ల పొడవు తేడా మించి బైట్లు తేడా వస్తే రన్ రద్దు.

రెండో గాడిద ఏఐఓహెచ్‌టీటీపీ. 50 ఎంబీ ఫైల్‌ను 3 మిల్లీసెకన్లలో దించింది! గిగాబిట్ కేబుల్ మీద అది అసాధ్యం. తప్పు నాది. ఆ లైబ్రరీ హెడర్లు రాగానే జవాబు ఆబ్జెక్ట్‌ను చేతిలో పెడుతుంది, బాడీ కావాలంటే విడిగా చదవాలి. రిక్వెస్ట్స్, హెచ్‌టీటీపీఎక్స్, యూఆర్‌ఎల్‌లిబ్3 చెప్పకపోయినా బాడీ మొత్తం చదివేస్తాయి. నేను స్టేటస్ కోడ్ 200 చూసి వదిలేశాను. 50 ఎంబీ విషయంలో అంకె మరీ అసంభవంగా ఉండబట్టి దొరికింది. 600 బైట్లలో అయితే "భలే వేగంగా ఉందే" అని రాసేసుకుని ఉండేవాడిని.

ఈ దశలో స్థిరపడిన చెక్‌లు, ప్రతి కాల్ తర్వాత కాదు, ప్రతి రన్ తర్వాత:

1. చదివిన బాడీ బైట్లు, కాల్స్ సంఖ్యను సైజుతో గుణించినదానికి సమానమా?
2. తెరిచిన కనెక్షన్లు నేను అనుకున్నన్నేనా?
3. పంపిన హెడర్లు అయిదింటిలోనూ ఒకటేనా?

రెండో చెక్ ఇంకో విషయాన్ని బయటపెట్టింది. ఒకే కనెక్షన్ అనుకున్న చోట 20,000 కాల్స్‌కు దాదాపు 20 కనెక్షన్లు. ఎన్‌జిన్ఎక్స్ ఒక కనెక్షన్ మీద 1,000 కాల్స్ అయ్యాక మర్యాదగా మూసేస్తుంది, అది దాని డిఫాల్ట్. పాత వెర్షన్లలో ఆ హద్దు 100 ఉండేది. ప్రతి వెయ్యింటికీ ఒక కాల్ కొత్త కనెక్షన్ తెరుచుకోవాలి కాబట్టి సరిగ్గా 99.9వ పర్సెంటైల్ (వెయ్యింటిలో 999 కాల్స్ ఇంతలోపే ముగిసే హద్దు) దగ్గర ఒక మెట్టు కనిపించేది. దాన్ని లైబ్రరీలో జీసీ ఆగుడు అని రెండు పేజీల సిద్ధాంతం రాసుకున్నాను. చింపేశాను. హద్దును పది లక్షలకు పెంచాను.

ఇప్పటివరకు: 13 గంటలు. రన్లు 90. పనికొచ్చినవి 0. ఈ సున్నా చూసి కాస్త టెన్షన్ మొదలైంది.

దశ 4: పూల్‌లు, పర్సెంటైళ్లు

50 థ్రెడ్లతో (ఒకేసారి నడిచే 50 పనులతో) పరీక్ష. పూల్ అంటే మళ్లీ వాడటానికి దాచుకున్న కనెక్షన్ల గుంపు. యూఆర్‌ఎల్‌లిబ్3 సెకనుకు 700 కాల్స్ దగ్గరే కూలబడింది. టెర్మినల్ నిండా "పూల్ నిండింది, కనెక్షన్ పారేస్తున్నాను" అని హెచ్చరికలు వస్తూ ఉండాలి, కానీ లాగింగ్‌ను నేనే మొదట్లో నోరు మూయించాను, సమయం పాడవుతుందని.

డిఫాల్ట్‌లు ఒక్కోదానికి ఒక్కో తీరు. యూఆర్‌ఎల్‌లిబ్3 పూల్ మేనేజర్ ఒక హోస్ట్‌కు 1 కనెక్షనే దాచుకుంటుంది. రిక్వెస్ట్స్ 10. హెచ్‌టీటీపీఎక్స్ మొత్తం 100 తెరుస్తుంది, ఖాళీగా ఉన్నవాటిలో 20 దాచుకుంటుంది. ఏఐఓహెచ్‌టీటీపీ హద్దు 100. డిఫాల్ట్‌లతో పోలిస్తే కొలిచేది ఈ అంకెలనే. అన్నిటికీ 50 పెట్టాను. యూఆర్‌ఎల్‌లిబ్3 700 నుంచి 2,900కు లేచింది, కోడ్‌లో మారింది ఒక్క ఆర్గ్యుమెంట్. పైకర్ల్‌కు థ్రెడ్‌కో హ్యాండిల్, దానితో పాటు నో-సిగ్నల్ ఆప్షన్ కూడా పెట్టాలి. థ్రెడ్లలో టైమౌట్ కోసం సిగ్నల్స్ వాడితే అది కుప్పకూలే ప్రమాదం ఉంది.

పర్సెంటైళ్ల గురించి ఒక మాట. నా లూప్ జవాబు వచ్చాకే తర్వాతి కాల్ పంపేది. సర్వర్ ఒక అర సెకను ఆగిందనుకోండి, నా లెక్కలో ఒక్క చెడ్డ కాల్ మాత్రమే పడుతుంది. నిజ జీవితంలో ఆ అర సెకనులో వచ్చి క్యూలో నిలబడాల్సిన వందల కాల్స్ నా పట్టికలో పుట్టనే లేదు. ఇంజనీరు గిల్ టెనే దీనికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టారు. మార్పు: సెకనుకు ఇన్ని అని ముందే టైమ్‌టేబుల్ వేసుకుని, అసలు పంపాల్సిన క్షణం నుంచి జవాబు పూర్తయ్యేదాకా కొలవడం. మధ్యగతాలు కదల్లేదు. 99వ పర్సెంటైల్ మాత్రం అన్ని లైబ్రరీలకూ పెరిగింది, కొన్నిటికి రెట్టింపు. సగటును పట్టిక నుంచే తీసేశాను.

ఇప్పటివరకు: 17 గంటలు. రన్లు 140. పనికొచ్చినవి 0.

దశ 5: కేబుల్ వేగం ఎంతో తెలిసింది

50 ఎంబీ ఫైల్, సరైన పద్ధతిలో. అయిదు లైబ్రరీలకూ 446 నుంచి 452 మిల్లీసెకన్లు. గిగాబిట్ లైన్ మీద హెడర్ల బరువు పోగా సెకనుకు దాదాపు 117 ఎంబీలే వెళ్తాయి. అంటే కొలిచింది కేబుల్‌నే.

గడియారం సమయం బదులు ప్రాసెస్ వాడిన సీపీయూ సమయం చూస్తే తేడాలు బయటికొచ్చాయి: పైకర్ల్, యూఆర్‌ఎల్‌లిబ్3 తక్కువ, రిక్వెస్ట్స్, హెచ్‌టీటీపీఎక్స్ వాటికి దాదాపు మూడింతలు, ఏఐఓహెచ్‌టీటీపీ మధ్యలో. పెద్ద ఫైళ్లకు ఇకపై రెండు అంకెలూ రాస్తున్నాను.

ఇప్పటివరకు: 19 గంటలు. రన్లు 165. పనికొచ్చినవి 0.

దశ 6: మెమరీ

అసలు ఈ పని మొదలైంది దీని కోసమే, అత్యధిక గంటలు తిన్నదీ ఇదే.

మొదటి ప్రయత్నం పైథాన్‌తో పాటే వచ్చే ట్రేస్‌మ్యాలాక్ మాడ్యూల్. పైథాన్ కేటాయించే మెమరీని అది చక్కగా లెక్కపెడుతుంది. సీ లైబ్రరీలు తమకు తాముగా తీసుకున్నది దానికి కనిపించదు. లిబ్‌కర్ల్ బఫర్లు కనిపించవు, కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తినేది కనిపించదు. దానివల్ల పైకర్ల్‌కు అసలు మెమరీయే అక్కర్లేదన్నట్టు వచ్చింది. ఏ లైన్ ఎంత తింటోందో వెతకడానికి ట్రేస్‌మ్యాలాక్ మంచిది, లైబ్రరీలను పోల్చడానికి కాదు.

రెండో ప్రయత్నం: ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగడం. గెట్ఆర్‌యూసేజ్ ఇచ్చే మ్యాక్స్-ఆర్‌ఎస్‌ఎస్, అంటే ప్రాసెస్ చేరిన గరిష్ఠ మెమరీ. (ఈ అంకె లినక్స్‌లో కిలోబైట్లలో, మ్యాక్‌లో బైట్లలో వస్తుంది. స్క్రిప్టును అటూ ఇటూ మార్చేవాళ్లు జాగ్రత్త.) వచ్చిన ఫలితం: 600 బైట్ల కాల్‌కు అయిదు లైబ్రరీలూ 183 ఎంబీ. ఏ లైబ్రరీ ఇంపోర్ట్ చేయని ఖాళీ పైథాన్ కూడా 183 ఎంబీ!

అయిదూ సమానంగా వస్తే అనుమానించాలని ఈపాటికి నేర్చుకున్నాను కాబట్టి ఈసారి తొందరగానే దొరికింది. లినక్స్‌లో ఈ లెక్క, ప్రాసెస్ ఎగ్జెక్ చేసి కొత్త ప్రోగ్రామ్‌గా మారినా చెరగదు. నా నడిపించే స్క్రిప్టు పాత ఫలితాలన్నీ లోడ్ చేసుకుని 183 ఎంబీతో కూర్చుంది. దాని నుంచి పుట్టిన ప్రతి పిల్ల ప్రాసెస్‌కూ ఆ గరిష్ఠం వారసత్వంగా వచ్చింది. తండ్రి అప్పు కొడుకు ఖాతాలో.

మార్పు:

1. మ్యాక్స్-ఆర్‌ఎస్‌ఎస్ మానేసి, ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో ప్రాసెస్ స్టేటస్ ఫైల్ నుంచి వీఎమ్-హెచ్‌డబ్ల్యూఎమ్ లైన్ (ఇదీ గరిష్ఠ మెమరీయే) చదవడం. ఎగ్జెక్ అయ్యాక అది కొత్తగా మొదలవుతుంది.
2. ఇంపోర్ట్ అయ్యాక ఒకసారి, 600 బైట్ల కాల్ ఒకటి అయ్యాక ఒకసారి, అసలు పని అయ్యాక ఒకసారి చదవడం.
3. ప్రతి కొలతకూ కొత్త ప్రాసెస్.
4. నడిపించే స్క్రిప్టు ఫలితాలను మెమరీలో దాచకుండా ఫైల్‌కు రాసేయడం.

ఇప్పుడు 50 ఎంబీ బాడీ, మొత్తం చదివితే, చిన్న కాల్ తర్వాతి స్థాయి మీద పెరిగినది:

యూఆర్‌ఎల్‌లిబ్3: 51 ఎంబీ
పైకర్ల్ (బైట్స్‌ఐఓలోకి): 52 ఎంబీ
రిక్వెస్ట్స్: 102 ఎంబీ
ఏఐఓహెచ్‌టీటీపీ: 103 ఎంబీ
హెచ్‌టీటీపీఎక్స్: 103 ఎంబీ

రెండింతలు ఎందుకో తెలుసుకోవడానికి సోర్స్ తెరిస్తే చాలు. రిక్వెస్ట్స్ బాడీని 10 కేబీ ముక్కలుగా చదివి, చివర్లో అన్నిటినీ జాయిన్ చేస్తుంది. ఆ క్షణంలో ముక్కలూ ఉంటాయి, అతికించిన పెద్ద ముద్దా ఉంటుంది. మిగతా రెండూ ముక్కల సైజు వేరైనా అదే పద్ధతి. యూఆర్‌ఎల్‌లిబ్3కు కంటెంట్-లెంగ్త్ తెలిస్తే ఒకే బఫర్ తీసుకుని అందులోకే చదువుతుంది. దీని మీద జేసన్ ఫంక్షన్ పిలిస్తే ఇంకో స్ట్రింగ్, ఆపైన డిక్షనరీలు. మా కంటెయినర్ 256 ఎంబీ ఎక్కడ పోతోందో ఇక్కడ అర్థమైంది. ఒక ఏపీఐ అప్పుడప్పుడు 40 ఎంబీ దాటిన జవాబు పంపుతుంది, వారానికి రెండు మూడు సార్లు.

తర్వాత ఒక దొంగ లీక్ (పని అయ్యాక కూడా వదలని మెమరీ) వెంట పడ్డాను. జవాబును డిలీట్ చేశాక కూడా రిక్వెస్ట్స్ ప్రాసెస్ మెమరీ పూర్తిగా దిగలేదు, 40 ఎంబీ పైనే అక్కడే ఉంది. లీక్ అనుకుని అయిదు గంటలు వెతికాను. చివరికి సీటైప్స్ (పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే మాడ్యూల్) ద్వారా, ఖాళీ మెమరీని సిస్టమ్‌కు తిరిగిచ్చే మ్యాలాక్-ట్రిమ్ పిలిస్తే ఒక్కసారిగా దిగిపోయింది. 10 కేబీ ముక్కలు హీప్‌లోంచి వస్తాయి. వాటి పైన ఏదో చిన్న ఆబ్జెక్ట్ బతికి ఉంటే లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ కింది ఖాళీని సిస్టమ్‌కు తిరిగివ్వదు, తర్వాత వాడుకుందామని దాచుకుంటుంది. నిజంగా లీకో కాదో తేల్చడానికి తేలిక మార్గం: అదే పనిని 200 సార్లు చేయించండి. రెండోసారికే గీత అడ్డంగా సాగితే లీక్ కాదు.

అసలైన దొంగ ఇంకోచోట దొరికాడు. మా కోడ్‌లో ఒక భాగం ఖాతాకో హెచ్‌టీటీపీఎక్స్ క్లయింట్ తయారుచేసి డిక్షనరీలో దాస్తోంది. ప్రతి క్లయింట్ తనకో ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ (భద్రమైన కనెక్షన్ల సెట్టింగుల మూట) కట్టుకుని, రూట్ సర్టిఫికెట్ల కట్ట మొత్తం అందులోకి ఎక్కించుకుంటుంది. వంద క్లయింట్లు తెరిస్తే పదుల ఎంబీలు పెరిగాయి. ట్రేస్‌మ్యాలాక్ మాత్రం దాదాపు ఏమీ లేదంది, ఎందుకంటే అదంతా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపల. ఒకే కాంటెక్స్ట్ కట్టి వెరిఫై ఆర్గ్యుమెంట్‌గా అందరికీ ఇస్తే ఆ పెరుగుదల పోయింది. క్లయింట్ తయారయ్యే సమయం కూడా తగ్గింది. కాల్‌కో కొత్త క్లయింట్ తయారుచేసే కోడ్ మీ దగ్గర ఉంటే ముందు అక్కడికి వెళ్లండి, లైబ్రరీ సంగతి తర్వాత.

పెద్ద జవాబుకు మందు స్ట్రీమింగ్, అంటే మొత్తం ఒకేసారి కాకుండా ముక్కలుగా చదవడం. రిక్వెస్ట్స్‌లో స్ట్రీమ్ ఆన్ చేసి ఐటర్-కంటెంట్ తిప్పాను. నాలుగు నిమిషాలైనా అవ్వలేదు, ఆపేశాను. ఆ ఫంక్షన్‌కు ముక్క సైజు ఇవ్వకపోతే డిఫాల్ట్ 1 బైట్. అయిదు కోట్ల ఇరవై నాలుగు లక్షల చుట్లు తిప్పుతున్నానన్నమాట. 64 కేబీ ఇచ్చాక కేబుల్ వేగానికి చేరింది, గరిష్ఠ పెరుగుదల ఒక ఎంబీ లోపు.

ఇప్పటివరకు: 31 గంటలు. రన్లు 260. పనికొచ్చినవి 40, అన్నీ మెమరీవి.

దశ 7: వరస మార్చి, మళ్లీ మొత్తం

వేగం రన్లు పట్టిక వేస్తే ఎప్పుడూ మొదట నడిచినది కాస్త ముందు, చివర నడిచినది కాస్త వెనక. అక్షరక్రమంలో నడుపుతున్నాను. క్లయింట్ మెషీన్ వేడెక్కి, సీపీయూ ఫ్రీక్వెన్సీ దించుకుంటోంది. వరస తిరగేస్తే ర్యాంకులూ తిరగబడ్డాయి.

చేసిన మార్పులు:

1. సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పర్ఫార్మెన్స్‌కు, కాసేపు వేగం పెంచే టర్బో ఆఫ్. అంకెలు నెమ్మదించాయి, కానీ నిలకడ వచ్చింది.
2. టాస్క్‌సెట్‌తో క్లయింట్‌ను ఒక కోర్‌కు కట్టేయడం.
3. 30 రౌండ్లు. ప్రతి రౌండ్‌లో అయిదు లైబ్రరీలూ ఒక్కోసారి, వరస యాదృచ్ఛికం.
4. ప్రతి రన్‌లో మొదటి 500 కాల్స్ లెక్కలోకి రావు.
5. రౌండ్ల మధ్య 20 సెకన్ల విరామం.

600 బైట్లు, ఒక కనెక్షన్, కేబుల్ మీద, 30 రౌండ్ల మధ్యగతాల మధ్యగతం, మిల్లీసెకన్లలో: పైకర్ల్ 0.29, యూఆర్‌ఎల్‌లిబ్3 0.43, ఏఐఓహెచ్‌టీటీపీ 0.46, హెచ్‌టీటీపీఎక్స్ 0.92, రిక్వెస్ట్స్ 0.98. చివరి రెంటి మధ్య తేడా రౌండ్ రౌండ్‌కూ మారే తేడా కంటే చిన్నది. ఎవరు ముందంటే నేను చెప్పను.

రిక్వెస్ట్స్ యూఆర్‌ఎల్‌లిబ్3కు రెండింతలు పైన ఎందుకుందో ఎస్‌ట్రేస్‌తో (ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏమడుగుతోందో చూపే టూల్) చూశాను. ప్రతి కాల్‌కూ హోమ్ డైరెక్టరీలో నెట్‌ఆర్‌సీ ఫైల్ (పాస్‌వర్డులు దాచేది) ఉందా అని రెండు పేర్లతో వెతుకుతోంది, ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) వేరియబుల్స్ కోసం ఎన్విరాన్‌మెంట్ చదువుతోంది. సెషన్‌లో ట్రస్ట్-ఎన్వ్ ఆఫ్ చేస్తే 0.98 నుంచి 0.76కు వచ్చింది. ప్రాక్సీ వెనక ఉన్నవాళ్లు ఇది కాపీ కొట్టకండి, బయటికి దారి మూసుకుపోతుంది.

ఇప్పటివరకు: 36 గంటలు. రన్లు 410. పనికొచ్చినవి 190.

దశ 8: సర్వీసులో ఏం మార్చాను

మేము పిలిచే ఏపీఐలు జవాబు ఇవ్వడానికి 80 మిల్లీసెకన్లు తీసుకుంటాయి. అందులో 0.69 మిల్లీసెకన్ల (రిక్వెస్ట్స్ 0.98కీ పైకర్ల్ 0.29కీ తేడా) కోసం అన్ని ఫైళ్లలో లైబ్రరీ మార్చడమంటే కొండను తవ్వి ఎలకను పట్టడమే. మార్చమన్నవారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాను. "అయితే మెమరీ సంగతి చూడండి" అన్నారు.

1. రిక్వెస్ట్స్ అలాగే ఉంది. నేరుగా గెట్ పిలిచే 14 చోట్ల ఒకే సెషన్, పూల్ సైజు మా వర్కర్ థ్రెడ్లు ఎన్నో అంత.
2. పెద్ద జవాబుల ఏపీఐకి స్ట్రీమింగ్, 64 కేబీ ముక్కలు, తాత్కాలిక ఫైల్‌లోకి. జేసన్‌ను ఆ ఫైల్ నుంచి కొంచెం కొంచెంగా చదవడం.
3. హెచ్‌టీటీపీఎక్స్ క్లయింట్లకు ఉమ్మడి ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్.
4. అన్ని కాల్స్‌కూ టైమౌట్. హెచ్‌టీటీపీఎక్స్ తనంతట తను 5 సెకన్లు పెట్టుకుంటుంది. రిక్వెస్ట్స్ చెప్పకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. ఇది బెంచ్‌మార్క్‌లో భాగం కాదు గానీ కోడ్ తెరిచినప్పుడు కళ్లబడింది.

మార్చి రెండు వారాలైంది. కంటెయినర్ గరిష్ఠం 118 ఎంబీ, 137 కోడ్ మళ్లీ రాలేదు. నెట్‌ఆర్‌సీ వెతుకులాట ఆపే మార్పు ఇంకా పెట్టలేదు, ఒక ఎన్విరాన్‌మెంట్‌లో ప్రాక్సీ ఉందో లేదో ఆపరేషన్స్ వాళ్లు చెప్పాలి. హెచ్‌టీటీపీ 2 అసలు ముట్టుకోలేదు. 17వ రౌండ్‌లో ఏఐఓహెచ్‌టీటీపీ 99వ పర్సెంటైల్ మిగతా రౌండ్లకు నాలుగింతలు వచ్చింది. ఆ లాగ్ ఫైల్ విడిగా దాచాను, వచ్చే ఆదివారం తెరుస్తాను.